సమాచార సేకరణలో మితి, మర్యాద

చెరువు కింద సేద్యం సాగే పాలమూరు గ్రామాలలో తూము దగ్గర ఒక నీరటి ఉండడం పాత ఏర్పాటు. చెరువు ఎంత నిండి ఉన్నప్పటికీ, ఎవరికి తోచినంత నీరు వారు పారించుకోవడానికి వీలు లేదు. వంతు వచ్చినప్పుడే మడికి నీరు. వంతు తీరగానే మరొకరి మడికి. పై మడి రైతు ఆత్రపడితే కింది మడి ఎండిపోతుంది. ఈ ప్రసంగంలో మేము ముచ్చటించదలచినది నీటిని గురించి కాదు, సమాచారాన్ని గురించి. అయినా అక్కడ కూడా ఇటువంటి న్యాయమే నడుస్తున్నది.

పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016లో రంగారెడ్డి జిల్లాలో చేరిన షాద్‌నగర్‌ను శ్రోతలలో చాలామంది ఎరుగుదురు. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకొనే భూకేంద్రం అక్కడ 1979లో ఏర్పడినది. నేడు అది జాతీయ దూరసంవేదన కేంద్రం ఆధీనంలో ఉన్నది. 1988 మార్చి 17న ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్. 1-ఎ అనే మన ఉపగ్రహం సుమారు 900 కిలోమీటర్ల ఎత్తున, దాదాపు 103 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టి వచ్చేది. అటువంటి ఉపగ్రహం ఒక భూకేంద్రానికి కనపడేది ప్రతి పర్యాయమూ పది, పదిహేను నిమిషాలు మాత్రమే. ఆ కొద్దిసేపట్లో ఎంత సమాచారం దించుకోగలమో అంతే ప్రాప్తి. కాబట్టి ఏది ముందు, ఏది వెనుక అనే నిర్ణయం ఉపగ్రహం రాకమునుపే జరిగి ఉండవలె.

ఇది ప్రకృతి విధించిన గడువు. మనుషులు విధించిన గడువులు కూడా ఉన్నవి. ట్విట్టర్, యూట్యూబ్ వంటి సామాజిక మాధ్యమాలలో కోట్ల మంది ప్రతిదినమూ తమ అభిప్రాయాలను రాస్తున్నారు. భాషాశాస్త్రజ్ఞులు, సమాజ పరిశోధకులు, పత్రికా రచయితలు ఆ రాతలను సేకరించి పరిశీలిస్తున్నారు. ఇందుకు ఆ సంస్థలు ఏపీఐ అనే ఒక ద్వారం ఏర్పరచినవి. పరిశోధకుని యంత్రం ఆ ద్వారం దగ్గర ప్రశ్న వేస్తుంది; సంస్థ యంత్రం జవాబిస్తుంది. అయితే ఎంత కాలంలో ఎన్ని ప్రశ్నలు వేయవచ్చునో లెక్క ఉన్నది. దానినే రేట్ లిమిట్ అంటారు. ఒక్కరే లక్షల ప్రశ్నలు గుప్పిస్తే తక్కినవారికి ద్వారం మూసుకొనిపోతుంది. అందుకే అక్కడొక నీరటి.

లెక్క తెలిస్తే విషయం బోధపడుతుంది. 2013 నుండి కొన్ని సంవత్సరాలపాటు ట్విట్టర్ అమలు జరిపిన నియమాలలో గడువు 15 నిమిషాలు. ఆ వ్యవధిలో ఒక వినియోగదారుని పేర వెతుకులాట ప్రశ్నలు 180 వేయవచ్చును. ఒక్కొక్క ప్రశ్నకు అత్యధికంగా 100 రాతలు వచ్చేవి. అనగా పావుగంటకు 18,000. ఒక ప్రముఖుని అనుచరుల జాబితా కావలెనంటే పావుగంటకు 15 ప్రశ్నలే. ప్రశ్నకు 5,000 సంఖ్యలు. అనుచరులు పది లక్షల మంది అయితే 200 ప్రశ్నలు వేయవలె. మధ్యలో 13 పర్యాయాలు ఆగవలె. సేకరణ ముగిసేసరికి మూడుంబావు గంటలు పట్టేది. యూట్యూబ్‌లో మరొక పద్ధతి. 2024 నాటి లెక్క ప్రకారం రోజుకు 10,000 పాళ్ల భత్యం. ఒక్క వెతుకులాటకు 100 పాళ్లు ఖర్చు. నూరు వ్యాఖ్యలున్న ఒక పుటను తెచ్చుకోవడానికి ఒక్క పాలు. తెలివిగలవాడు వెతుకులాటలు తగ్గించి, ఏ దృశ్యాల కింది వ్యాఖ్యలు కావలెనో ముందే నిర్ణయించుకొంటాడు. ఆ భత్యం అమెరికా పడమటి తీరపు అర్ధరాత్రికి తిరిగి నిండుతుంది. అనగా మనకు మధ్యాహ్నం పన్నెండున్నరకో, ఒంటిగంటన్నరకో.

గడువు దాటి అడిగితే ఏమవుతుంది? 429 అనే సంఖ్యతో జవాబు వస్తుంది. 'మితి మీరి అడిగితివి' అని దాని భావం. 2012లో ఇది అంతర్జాల ప్రమాణాలలో చేరినది. ఎంతసేపు ఆగవలెనో కూడా కొన్ని జవాబులలో రాసి ఉంటుంది. ఆ మాట మన్నించడం మొదటి ధర్మం. రాసి లేనప్పుడు ఒక క్షణం ఆగి అడగవలె. మళ్లీ కాదంటే రెండు క్షణాలు, తరువాత నాలుగు, ఆపైన ఎనిమిది. దానికి తోడు, అందరి యంత్రాలూ ఒకే క్షణాన తిరిగి రాకుండా, ప్రతి యంత్రమూ తన ఎదురుచూపులో కొంత హెచ్చుతగ్గు కల్పించుకోవలె. ఒకసారి తెచ్చుకొన్నదానిని భద్రపరచి మళ్లీ అడగకుండా ఉండడం, ఎక్కడ ఆగినామో గుర్తు పెట్టుకొని అక్కడినుండే సాగడం కూడా ఈ విద్యలోని పాఠాలే. మారుపేర్లతో పది ఖాతాలు తెరిచి గడువును తప్పించుకొనేవారు లేకపోలేదు. అది రాత్రివేళ తూము ఎత్తడం వంటిది. పట్టుబడితే ఉన్న వంతు కూడా పోతుంది.

ఇంతవరకు చెప్పినది పనితనం. దీని వెనుక మరింత గంభీరమైన విషయం ఉన్నది. 2019 నవంబరు 28న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద ఒక యువ పశువైద్యురాలి మృతదేహం దొరికినది. అత్యాచారం, హత్య దేశాన్ని కుదిపివేసినవి. డిసెంబరు 6న నిందితులు నలుగురూ అదే ప్రాంతంలో పోలీసుల కాల్పులలో మరణించారు. సామాజిక మాధ్యమాలలో దుఃఖం, ఆగ్రహం, ఆపైన హర్షధ్వానాలు వెల్లువెత్తినవి. ఆనాటి ప్రజాభిప్రాయాన్ని అధ్యయనం చేయదలచి ఒక పరిశోధకుడు డిసెంబరు 6న పూనుకొన్నాడనుకొందాము. ఆనాడు ట్విట్టర్‌లో అందరికీ ఉచితంగా లభించిన వెతుకులాట సుమారు ఏడు రోజుల వెనుకకే పోయేది. మొదటి నాటి రాతలు అప్పటికే చేజారే స్థితి. శోకం సన్నగిల్లి, సంబరం మిగిలిన భాగమే అతని చేతికి వస్తుంది. తెలుగు లిపిలోని మాటలనే వెతికితే, ఆంగ్ల లిపిలో తెలుగు రాసే యువకుల గొంతు వినపడదు. అత్యధికంగా వ్యాప్తి చెందిన రాతలకే వంతు ఖర్చు చేస్తే, నిదానంగా 'ఆగి విచారించండి' అన్నవారు లెక్కలోకి రారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చినది. నిందితులపై ఉద్దేశపూర్వకంగానే కాల్పులు జరిపినారని అది అభిప్రాయపడినది. ఏడు రోజుల కిటికీ నుండి చూచినవారికి ఈ సందేహం ఎక్కడినుండి కనపడుతుంది?

ఇంకొక సంగతి. ఆ యువతి అసలు పేరు ఆ దినాలలో వేలాది రాతలలో పారాడినది. అటువంటి నేరాలలో బాధితుల గుర్తింపు వెల్లడించడం చట్టం నిషేధించినది. తరువాత పోలీసులు 'దిశ' అనే పేరు వాడవలసినదిగా కోరినారు. రాసినవారు పశ్చాత్తాపపడి తుడిచివేసిన రాత, సేకరించినవారి పెట్టెలో మాత్రం నిలిచి ఉండడం న్యాయమా? మాధ్యమంలో తొలగిన రాతను తన సంచయంలోనుండి కూడా తొలగించడం సేకర్త బాధ్యత. ఎంత తీయవచ్చును అన్న ప్రశ్నకు జవాబు యంత్రం ఇస్తుంది. ఏది ఉంచుకోవచ్చును అన్న ప్రశ్నకు మనిషే జవాబు చెప్పుకోవలె.

ఇటీవలి సంవత్సరాలలో ఈ ద్వారాలు మరింత ఇరుకైనవి. 2021లో ట్విట్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు నెలకు కోటి రాతల వరకు ఉచితంగా ఇచ్చిన సౌకర్యం 2023లో ముగిసినది. ఆ సంవత్సరం జూలై 1న సాధారణ పాఠకులకు కూడా రోజుకు 600 రాతలు అని గడువు పెట్టి, స్వల్పకాలంలోనే పెంచవలసి వచ్చినది. ఫేస్‌బుక్ రాతల వ్యాప్తిని పరిశీలించడానికి ఉపకరించిన క్రౌడ్‌టాంగిల్ 2024 ఆగస్టు 14న మూతపడినది. నీరటి అందరికీ వంతు పంచేవాడైతే ఊరు మన్నిస్తుంది. డబ్బున్నవారి మడికే తూము ఎత్తేవాడైతే ఊరు నిలదీస్తుంది. పరిశోధకులు గడువును పాటించవలె. ఆ గడువు న్యాయమైనదా అని అడిగే హక్కు సమాజానికి ఉండవలె.

ఈ సాంకేతిక విషయంతో గృహస్థులకు ఏమి పని అని శ్రోతలు అడగవచ్చును. 'ప్రజలంతా ఇట్లా అంటున్నారు' అని పత్రికలలోనూ, తెరల మీదనూ మనము ప్రతిదినమూ వింటున్నాము. ఇకమీదట అట్లా విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకొనవలసినదిగా కోరుతున్నాము. ఎన్ని రోజుల మాటలు సేకరించి ఇట్లా చెప్పినారు? ఏ భాషలో, ఏ లిపిలో వెతికినారు? దొరకనిదాని గురించి ఏమైనా చెప్పినారా? మంచి సేకర్త తన సంచయంతోపాటు తనకు దొరకనివాటి చిట్టా కూడా రాసి పెడతాడు. ఆ చిట్టా చూపగలిగినవాని మాటకు విలువ ఇవ్వవచ్చును.