సరకుకై సూరతు పోవు చిన్న వర్తకుడు

పంచాయతీ సభ్యులారా!

గ్రామమున చీరల దుకాణము నడుపు చిన్న వర్తకుడు పండుగలకు ముందు సరకు కొనుటకై గుజరాతులోని సూరతు నగరమునకు పోవుట మీకు తెలియనిది కాదు. అచ్చటి రింగురోడ్డు అంగళ్లలో పాలియెస్టరు చీరలు చౌకగా లభించును. మరమగ్గముల పనికై తెలంగాణ నుండి వెళ్లి స్థిరపడిన మనవారు ఆ నగరమున చాలమంది కలరు. కావున మాటసాయమునకు లోటుండదు.

చిక్కు వేరొకచోట నున్నది. పోచంపల్లి నమూనాలను అచ్చువేసిన చీరలును ఆ అంగళ్లలోనే దొరకును. అచ్చు చీరయని చెప్పి అమ్మినచో తప్పులేదు. పోచంపల్లి నేతయని చెప్పి అమ్మినచో కొన్న ఇల్లాలు మోసపోవును. నేతగాని మగ్గమునకు పని తగ్గును.

భేదము గుర్తించుట కష్టము కాదు. ఇక్కతు నేతలో నూలును ముందుగా కట్టులు కట్టి, రంగులలో ముంచి, పిమ్మట నేయుదురు. అందుచే నమూనా రెండువైపుల నొకేతీరున కనబడును. అచ్చు చీరను తిరుగవేసి చూచినచో సాధారణముగా రంగు వెలవెలబోయి యుండును. చేనేతయని చెప్పిన సరకుపై 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు కలదేమో కూడ చూడవలెను.

కొందరు వర్తకులు చేతిచీటీతో సరిపెట్టుకొందురు. చిరిగిన చీర తిరిగి పంపవలసివచ్చినపుడు ఆ చీటీని ఎవరు మన్నింతురు? పక్కా బిల్లు అడిగి తీసికొనవలెను. సరకు విలువ 50,000 రూపాయలు మించి రాష్ట్రము దాటునపుడు ఈ-వే బిల్లు ఉండవలెనను నిబంధన 2018 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది.

పెట్టుబడికై వడ్డీవ్యాపారి గడప తొక్కుటకు ముందు, 2015లో ఆరంభమైన ముద్రా ఋణమును గూర్చి బ్యాంకులో విచారింపుమని మీ ఊరి వర్తకునకు చెప్పుడు. అందు శిశు తరగతి క్రింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండ ఇత్తురు.