చావుకు కారణం ఎవరు రాస్తున్నారు?

(పేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్ళో ఎవరు పోయినా చావుకబురు మోసింది మనం. డప్పు కొట్టింది మనం. గొయ్యి తవ్వింది మనం. కానీ ఆ చావు ఎందుకొచ్చిందో రాసే కలం ఏనాడూ మన చేతికి రాలేదు. ఒకప్పుడు జనన మరణాల లెక్క మునసబు దగ్గరుండేది. 1984లో ఆ వంశపారంపర్య ఉద్యోగాలు రద్దయ్యాయి. ఇప్పుడు పుస్తకం పంచాయతీ ఆఫీసులో ఉంది. అయినా 'మీవాడు ఎలా పోయాడు?' అని మనల్ని కూర్చోబెట్టి అడిగేవాడు రాలేదు.

మన పేటల్లో చావులు చూడండి. రొయ్యల చెరువు గట్టుమీద మోటారు దగ్గర కరెంటు కొట్టి ఒకడు పోతాడు. పురుగుమందు కొడుతూ ఒకడు పోతాడు. సెప్టిక్ ట్యాంకులో దిగి ఒకడు, కాన్పులో ఒక ఆడకూతురు. అడిగితే అందరికీ ఒకటే మాట: 'గుండె ఆగిపోయింది.' గుండె ఆగకుండా చచ్చేదెవరండీ? డాక్టరు నింపే మరణకారణ ఫారం మీదే అచ్చేసి ఉంది, చావు తెచ్చిన జబ్బో దెబ్బో రాయండి, గుండె ఆగడంలాంటి చావు తీరు రాయకండి అని. అదీ రాసేవాళ్ళెందరు? 2020లో దేశంలో నమోదైన ప్రతి వంద చావుల్లో డాక్టరు కారణం ధృవీకరించినవి 22.5 మాత్రమే.

ఇదేదో కాగితాల గొడవ అనుకోకండి. ఇది కూటి గొడవ, న్యాయం గొడవ. మురుగు గొట్టాల్లో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలకు 2016లో చేసిన సవరణ ప్రకారం హత్య జరిగితే 8 లక్షల 25 వేలు, అందులో సగం పోస్టుమార్టం కాగానే ఇవ్వాలి. 'గుండె ఆగింది' అని రాసి, పోస్టుమార్టం లేకుండా తెల్లారేలోగా కాల్చేస్తే ఇంకెక్కడి కేసు, ఎక్కడి పరిహారం?

కాకినాడ సంగతి మీకు తెలుసు. 2022 మే 19 రాత్రి ఒక దళిత యువకుడు చనిపోయాడు. అప్పటి అధికార పార్టీ ఎమ్మెల్సీ దగ్గర డ్రైవరుగా చేసినవాడు. ఆ ఎమ్మెల్సీయే శవాన్ని కారులో తెచ్చి రోడ్డు ప్రమాదమన్నాడు. కుటుంబం నమ్మలేదు. దళిత సంఘాలు అండగా నిలబడ్డాయి. మొదట అనుమానాస్పద మృతిగా పెట్టిన కేసు పోస్టుమార్టం తర్వాత హత్య కేసయింది, ఎస్సీ ఎస్టీ చట్టం కూడా పడింది. మే 23న ఎమ్మెల్సీ అరెస్టయ్యాడు. నేరం తేల్చాల్సింది కోర్టు. మనం చెప్పేదొక్కటే. ఆ రాత్రి కన్నవాళ్ళు 'సరే' అని తలూపి ఉంటే కాగితం మీద ప్రమాదమే మిగిలేది.

డాక్టర్లందరూ చెడ్డవాళ్ళని మనం అనడం లేదు. వైద్యం చేసినవాడే, మోతుబరి ఫోను చేస్తే కాదనలేని చోట ఉన్నవాడే, ఒక్కడే కారణం రాయడం తప్పంటున్నాం. ఇంగ్లండులో షిప్‌మన్ అనే డాక్టరు తన రోగుల్ని తానే చంపి, తానే మరణపత్రాలు రాసుకున్నాడు. సుమారు 215 మందిని చంపాడని విచారణ సంఘం 2002లో తేల్చింది. ఇన్ని దశాబ్దాలు పట్టినా, 2024 సెప్టెంబరు 9 నుంచి ఇంగ్లండు, వేల్సుల్లో కొత్త పద్ధతి చట్టమైంది. మరణ విచారణాధికారి దగ్గరికి వెళ్ళని ప్రతి చావునూ, ఆ రోగికి వైద్యం చేయని వేరే డాక్టరు చూడాలి. ఆసుపత్రి కాగితాలు చదవాలి. వైద్యం చేసిన డాక్టర్ని అడగాలి. ఇంటివాళ్ళని 'మీకేమైనా అనుమానముందా?' అని అడిగించాలి. ఆ మూడో పని మనకి ముఖ్యం.

పల్లెటూరివాళ్ళకేం తెలుసు, వాళ్ళనేం అడుగుతాం అంటారు కొందరు. దానికి జవాబు మన గోదావరి జిల్లాల్లోనే ఉంది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళు, 1,80,162 మంది జనాభా తీసుకుని ఒక అధ్యయనం చేశారు. ఏడాదిలో 1,354 మంది చనిపోయారు. ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకెళ్ళి అడిగి రాశారు, డాక్టర్లు అది చదివి కారణం తేల్చారు. శవాన్ని కొయ్యలేదు, ఇంటివాళ్ళ మాట విన్నారు. నూటికి 98 చావుల వివరం దొరికింది. గుండె, రక్తనాళాల జబ్బులు నూటికి 32. రెండో స్థానం దెబ్బలు, ప్రమాదాలవంటి బయటి కారణాలది, 13. అంటురోగాలు 12. అడిగితే తెలుస్తుందని రుజువైంది. కానీ అది అధ్యయనం, హక్కు కాదు.

ప్రభుత్వానికి చేతకాని పనీ కాదిది. కాన్పుల్లో తల్లులు చనిపోతే సమీక్షించాలని 2010లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. కలెక్టరు జరిపే సమీక్షకి బంధువుల్ని పిలవాలని అందులో ఉంది. తల్లి చావుకి చేయగలిగింది కూలివాడి చావుకి ఎందుకు చేయరు?

మేం బడిపంతుళ్ళం. తండ్రి పోయిన పిల్లల కాగితాలు మా చేతుల మీదుగా పోతాయి. మరణ ధృవపత్రంలో తేదీ ఉంటుంది, ఊరుంటుంది, కారణం ఉండదు. చట్టప్రకారమే ఉండదు. కారణం రాసేది వేరే కాగితం. అందుకే ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి.

ఒకటి: ఆసుపత్రిలో చనిపోతే డాక్టరు రాసిన కారణం కాగితం నకలు దగ్గరి బంధువుకి ఉచితంగా ఇవ్వాలి. 2023 సవరణ చట్టం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. అడిగి తీసుకోండి.

రెండు: 21 రోజుల్లో చావు నమోదు చేయించండి.

మూడు: అనుమానముంటే శవాన్ని కదలనివ్వకండి. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి పోస్టుమార్టం అడగండి.

నాలుగు: శవ పంచనామా ఇద్దరు లేక ఎక్కువమంది 'గౌరవనీయుల' ఎదుట జరగాలంటుంది చట్టం. 2024 జులై నుంచి అది కొత్త నాగరిక సురక్షా సంహితలో 194వ సెక్షను. ఆ గౌరవనీయులు ఎప్పుడూ పెద్దకులాలవాళ్ళేనా? మన పేటవాళ్ళు నిలబడాలి. చదివించుకుని, విన్నాకే సంతకం పెట్టాలి.

ఇవి మనం చేసేవి. ప్రభుత్వం చేయాల్సింది ఒకటుంది. ప్రతి చావునూ, వైద్యం చేసినవాడు కాక, మోతుబరికి భయపడని ఇంకో డాక్టరు చూడాలి. చూసి, మన గడప తొక్కి మనల్ని అడగాలి. ప్రతి మండలంలో, ప్రతి వినతిపత్రంలో ఈ డిమాండు రాయండి. బతికుండగా మన మాట వినని ఊరు, కనీసం మన చావు దగ్గరైనా మన మాట రాసుకోవాలి.

జై భీమ్.