ముద్ర ఎక్కడ పడింది?

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"బెంగుళూరులో కూతురి దగ్గర మూడు నెలలుండి వచ్చారు గదా, అక్కడ తెలుసుకున్నదేదో నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శిగారు పురమాయించారు. నేను తెలుసుకున్నది గడియారాల సంగతి. ముప్పైఆరేళ్లు గుమాస్తాగిరీ చేసి 2007లో రిటైరైనవాడికి కంప్యూటర్ల గడియారాలతో పనేమిటని మీరనుకోవచ్చు. పని ఉంది. అది చివర్లో మనవి చేస్తాను.

దేశమంతటికీ ఒకే టైము అన్నది మనం అనుకున్నంత పాత విషయం కాదు. ఒకప్పుడు మన రైళ్లు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. 1906 జనవరి 1న ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చింది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు, తునికి దగ్గరగానే పోతుంది. మద్రాసు టైముకూ దీనికీ తేడా సుమారు తొమ్మిది నిమిషాలు. రైల్వేలో చేసిన మిత్రులకు తెలుసు, రోజూ 16 గంటలకు ముఖ్యమైన స్టేషన్లన్నింటికీ సరైన టైము అందజేయాలని వాళ్ల జనరల్ రూల్సులోనే ఉంది. అందరి గడియారాలూ ఒకటిగా లేకపోతే ఒకే పట్టాల మీద రెండు రైళ్లు నడపలేరు గదా!

రైళ్లకు నిమిషం చాలు. ఇవాళ్టి యంత్రాలకు చాలదు. కంప్యూటర్లు నెట్‌వర్క్ ద్వారా టైము సరిచూసుకునే పద్ధతి ఒకటి 1985 నుంచీ ఉంది. సెకనులో వెయ్యో వంతు లెక్కన అది బాగానే పనిచేస్తుంది. కాని పక్కపక్కనున్న సెల్ టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా పంపుతూ, వింటూ ఉంటాయి. ఒకటి వినే వేళకు ఇంకొకటి అరిస్తే మన ఫోను మాట ముక్కలైపోతుంది. అందుకని ఆ టవర్లు సరైన టైముకు అటూ ఇటూ 1.5 మైక్రోసెకన్లు దాటకూడదు. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. కరెంటు సబ్‌స్టేషన్లలో కొలతలు తీసే పరికరాలదీ ఇదే తీరు. దీనికోసం 2002లో ఐ.ఇ.ఇ.ఇ. 1588 అనే ప్రమాణం తయారైంది. 2008లోనూ 2019లోనూ దాన్ని సవరించారు. ప్రెసిషన్ టైమ్ ప్రోటోకాల్ అంటారు.

అందులో కిటుకు మన ఆఫీసు భాషలో చెబుతాను. రెండు ఆఫీసులున్నాయి. మొదటి ఆఫీసు గడియారం సరైనది. రెండోదాన్ని సరిచేయాలి. మొదటి ఆఫీసు నుంచి అటెండరు తమ గడియారంలో సరిగ్గా 10-00కు చీటీ తీసుకుని సైకిలెక్కాడు. రెండో ఆఫీసు గడియారం ప్రకారం 10-07కు చేరాడు. అక్కడ 10-10కి బయల్దేరి తిరిగొచ్చేసరికి మొదటి ఆఫీసు గడియారంలో 10-09 అయింది. వెళ్లడానికి ఏడు నిమిషాలు, రావడానికి మైనస్ ఒక నిమిషం! అంటే రెండో గడియారం ముందుంది. ఏడులోంచి మైనస్ ఒకటి తీసేస్తే ఎనిమిది, అందులో సగం నాలుగు. ఆ గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. అసలు ప్రయాణం మూడు నిమిషాలు. నాలుగు టైములతో లెక్క తేలిపోయింది.

అయితే ఈ లెక్కంతా ఒక నమ్మకం మీద ఉంది. రానూ పోనూ సమానంగా పట్టాలి. అటెండరు వెళ్లేటప్పుడు మాత్రం టీ కొట్టు దగ్గర నాలుగు నిమిషాలు ఆగాడనుకోండి, మన లెక్క అందులో సగం, అంటే రెండు నిమిషాలు తప్పుతుంది.

నెట్‌వర్క్‌లో ఆ టీ కొట్టే స్విచ్. గోడమీది లైటు స్విచ్చి కాదండోయ్. మన ఆర్.ఎం.ఎస్. సార్టింగు లాంటి పెట్టె. ఒక కేబులు నుంచి వచ్చిన సమాచారం మూటను అడ్రసు చూసి సరైన కేబులులోకి పంపుతుంది. రద్దీ ఉంటే మూటలు లోపల వరుసలో ఆగుతాయి. ఎంతసేపు ఆగుతాయో ఎవరూ ముందు చెప్పలేరు. అందుకని మంచి స్విచ్‌లు, మూట లోపలికి వచ్చిన క్షణం, బయటికి పోయిన క్షణం చూసి, "ఇది నా దగ్గర ఇంతసేపు ఆగింది" అని చీటీ మీదనే రాసి పంపుతాయి. టీ కొట్టువాడే చీటీ మీద రాసిస్తే ఇక లెక్క తప్పదు గదా. మరికొన్ని స్విచ్‌లు తామే ముందు టైము సరిచేసుకుని, తర్వాత తమ కిందివాళ్లకు చెబుతాయి.

మా అమ్మాయి పని ఇలాంటి స్విచ్‌లకు డ్రైవరు రాయడం. డ్రైవరంటే చిప్‌కీ, పైనున్న కంప్యూటరు ప్రోగ్రాములకీ మధ్య గుమాస్తా అనుకోండి. లినక్స్ అనే వ్యవస్థలో ఈ గడియారాలకు ఒక పద్ధతి 2011లో 3.0 వెర్షన్‌తో ఏర్పడింది. చిప్‌లోని గడియారాన్ని చదవడం, సరిచేయడం, అది తొందరపడుతుంటే ముల్లు పట్టుకుని తిప్పకుండా నడకను కొద్దిగా తగ్గించడం డ్రైవరు విధులు. మూట ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అన్న ముద్రను పైకి అందించడం ఇంకో విధి.

"నాన్నా, మీ ఆఫీసులో తపాలు ముద్ర ఎవరు వేసేవారు?" అని అడిగింది ఒకరోజు. నేనే వేసేవాణ్ణన్నాను. "గేటు దగ్గరా, టేబులు దగ్గరా?" అంది. టేబులు దగ్గరన్నాను. "అక్కడే వచ్చింది చిక్కు" అని నవ్వింది. మూట వచ్చాక ప్రోగ్రాము తీరిక చేసుకుని టైము చూస్తే, ఈ మధ్యలో జరిగిన జాప్యమంతా టైములో కలిసిపోతుంది. అందుకని కేబులు గుమ్మంలోనే చిప్ ముద్ర వేయాలి. డ్రైవరు ఆ ముద్రను జాగ్రత్తగా తెచ్చి సరైన మూటకు జతచేయాలి.

ఆమె పనిచేస్తున్న స్విచ్‌లో బయటికి పోయే మూటల ముద్రకు ఒక్కో పోర్టుకు ఒక్క గడే ఉంది. ఆ ముద్ర తీసుకోకముందే రెండో మూట పంపితే పాతది పోతుంది. రద్దీ వేళల్లో గడియారం ఉన్నట్టుండి ఎగిరిపడుతోందట. రెండు వారాలు నిద్ర లేదు పిల్లకు. చివరికి చూస్తే, ముందు మూట ముద్ర వెనకమూటకు అంటుకుంటోంది. ముద్ర చేతికొచ్చేదాకా రెండోది పంపకుండా ఆపి, ప్రతి మూటకూ ఉండే వరుస నంబరు సరిచూశాకే ముద్ర జతచేసేలా మార్చింది. మన తపాలు నంబరు సరిచూడడమే! ఆ రాత్రి దాని ముఖం చూసి సంతోషించాను. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ఎందుకో చెబుతాను. 1978లో నేను ఒక ఆఫీసులో తపాలు సీటులో ఉన్నాను. చనిపోయిన ఒక ఉద్యోగి భార్య తన కొడుకు ఉద్యోగం కోసం దరఖాస్తు పంపింది. గడువు శనివారంతో ముగుస్తుంది. కవరు శనివారం మధ్యాహ్నం వచ్చింది. అటెండరు తెచ్చి నా టేబులు మీద పెట్టాడు. నేను బస్సు తొందరలో ఉన్నాను. సోమవారం ఉదయం కట్టంతా విప్పి సోమవారం ముద్ర కొట్టాను. కవర్లు చెత్తబుట్టలోకి పోయాయి. దరఖాస్తు గడువు దాటి వచ్చిందని తిరస్కరించారు.

ఆవిడ నా టేబులు దగ్గరకు వచ్చి, "బాబూ, శనివారమే చేరుతుందని పోస్టాఫీసులో చెప్పారే" అంది. నాకు నిజం తెలుసు. శనివారమే అందిందని ఒక నోటు రాసి పైకి పంపితే సరిపోయేది. నాకు మెమో వచ్చేది, అంతే. కొత్తగా పెళ్లయింది, ఇంక్రిమెంటు దగ్గరపడింది. భయపడ్డాను. "రిజిస్టరులో ఉన్నదే మాకు లెక్కమ్మా" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది.

ఈ మాట నలభైఏడేళ్లలో ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ రాత్రి అమ్మాయికి చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నా, తప్పు ముద్ర పడ్డప్పుడు మా చిప్‌కు తెలియదు. మీకు తెలుసు గదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మన సంఘానికి ఇప్పటికీ పెన్షన్ల గురించి, మెడికల్ బిల్లుల గురించి కాగితాలు వస్తున్నాయి. చాలామంది మనకంటే పెద్దవాళ్లు, గడువుల మీద ఆధారపడ్డవాళ్లు. నాదొక మనవి. ఏ కాగితమైనా గుమ్మం దాటిన రోజే, తెచ్చినవారి ఎదుటే తేదీ వేద్దాం. కవరును కాగితంతోపాటే గుచ్చి ఉంచుదాం. పొరపాటైతే అది మనదేనని అదే కాగితం మీద రాసి సంతకం పెడదాం. ఆ రిజిస్టరు పని నాకు అప్పగించవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను.