భూమి పంపకము – పటములో దారి

 

తండ్రిగారి భూమిని అన్నదమ్ములు పంచుకోవడం మనకు కొత్త కాదు. పెద్దమనుషులు నలుగురు కూర్చుంటారు, కొలుస్తారు, గట్టు వేయిస్తారు. పని అయిపోయిందనుకుంటాము. కాని సర్కారు లెక్కలో ఆ భూమి ఇంకా ఒకే ముక్క. సర్వే నంబరుకు సబ్ డివిజను జరిగి పటములో గీత పడినప్పుడే మీ భాగానికి వేరే నంబరు వస్తుంది. అందుకు దరఖాస్తు పెట్టకముందే తేల్చుకోవలసినవి రెండున్నవి: దారి, నీరు.

ఒక లెక్క చూద్దాం. డొంక పక్కన మూడెకరాల చేను ఉన్నదనుకోండి. డొంక వెంబడి మూడు గొలుసులు, లోపలికి పది గొలుసులు. గొలుసంటే 66 అడుగులు. ముగ్గురన్నదమ్ములు తలా ఎకరం చొప్పున అడ్డంగా కోసుకున్నారు. డొంక పక్క ఎకరం చిన్నవాడికి వచ్చింది. మనసులు బాగున్నంతకాలం అన్నల బండ్లు అతని చేలోనుంచే పోతాయి. అతను ఆ ఎకరం అమ్మితే? కొన్నవాడు ముళ్లకంప వేస్తాడు. వెనకవాళ్లు ఎరువు నెత్తిన మోయాలి, కోత యంత్రం లోపలికి రాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కింద దారి హక్కు అడగవచ్చు, నిజమే. కాని కోర్టు వాయిదాల కోసం పంట ఆగదు గదా!

నిలువుగా కోసుకుంటే ముగ్గురికీ డొంక తగులుతుంది. అయితే ఒక్కొక్క చెక్క 66 అడుగుల వెడల్పే. ట్రాక్టరు తిప్పడం కష్టం. నా మట్టుకు అడ్డంగానే కోసి, మెరక వైపున పది అడుగుల దారి వదలమంటాను. మొదటి రెండు భాగాల మీదుగా అది 440 అడుగుల పొడవు, అంటే సుమారు 10 సెంట్లు. ముగ్గురూ సమంగా భరిస్తే మనిషికి మూడు సెంట్ల పైచిలుకు. బోదె కూడా దాని వెంబడే తీయవచ్చు. అందుకు మరో రెండు మూడడుగులు కలుపుకోండి. ఈ సంగతులన్నీ పంపకపు దస్తావేజులో రాయించి రిజిస్టరు చేయించాలి.

ఆడపడుచుల సంతకాలు మరువవద్దు. 2005 చట్ట సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కున్నది. ఆమె తన భాగం వద్దన్నా ఆ మాట రిజిస్టరైన కాగితం మీదే ఉండాలి. పసుపు కుంకుమ పెట్టి పంపాము గదా అంటే చాలదు.

ఆంధ్రప్రదేశ్‌లో మీ సేవ కేంద్రంలో దరఖాస్తు ఇవ్వవచ్చు. పాసుపుస్తకం, 1-బి, దస్తావేజు నకళ్లతో పాటు మీరు అనుకున్న గీతలతో చిత్తు పటం కూడా జత చేయండి, ఎవరూ అడగకపోయినా సరే. సర్వేయరు వచ్చే రోజున భాగస్తులందరూ, గట్టు రైతులూ చేలో ఉండాలి. పాత సర్వే రాళ్లను ముందే వెదికి, పొదలు నరికి కనబడేటట్లు చేయండి. దారి కొలతలతో సహా పటంలోకి ఎక్కిందో లేదో చూడకుండా సంతకం చేయకండి.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో కొందరికి ఇద్దరు ముగ్గురి పేర్లతో ఒకే ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. వారు కూడా విభజనకు దరఖాస్తు పెట్టుకోవాలి.

తహసీల్దారుగారి ఆమోదం అయిన తరువాత కొత్త 1-బి, అడంగల్ తీసి నంబరు, విస్తీర్ణం సరిచూసుకోండి. పంట నమోదుకు వచ్చినప్పుడు మేము అడిగేది ఆ నంబరే.