కూలియు, పిట్టగోడయు



మన కొలకలూరు చుట్టును వరి, పసుపు పొలములు. మనలో కూలికి వెళ్లువారున్నారు, కూలికి పిలుచువారును ఉన్నారు. కనుక ఈ మాట మన ఉభయులకును.

క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ ఉన్నది. అది లేక ఎవరైనను పడినయెడల దోషము యజమానిదే. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకక మునుపే ఇయ్యవలెనని 24వ అధ్యాయములో ఉన్నది. ఇవి దానములు కావు, బాకీలు.

2013 కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేండ్ల సగటు నికర లాభములో కనీసము 2 శాతము సమాజ సేవకు వెచ్చించవలెను. మంచిదే. అయితే తమ ఉద్యోగులకు మాత్రమే చేయు ఖర్చు ఆ లెక్కలోనికి రాదు. అది వేరు బాధ్యత, మొదటి బాధ్యత. బడికి బల్లలిచ్చితిమని కార్మికుని కూలి ఎగవేయరాదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణములో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రించుచున్న వెంకటాపురమును కమ్మినది. 12 మంది మరణించిరి. ప్రమాద సైరను మ్రోగలేదని ప్రభుత్వ కమిటీ తేల్చినది. అక్కడ లేనిది పిట్టగోడయే.

మరి మన సంగతి? పురుగుమందు కొట్టు మనిషికి ముఖమునకు గుడ్డయైనను ఇచ్చుచున్నామా? సమానమైన పనికి స్త్రీకి సమానముగా కూలి ఇచ్చుచున్నామా? రేపు రమ్మని త్రిప్పుచున్నామా?

శతవార్షిక కానుక తెచ్చుటకు ముందు, ఎవరికైనను కూలి బాకీ యున్నదేమో చూచుకొందము. అది తీర్చి, పిమ్మట కానుక తెత్తము.