రాజు వెళ్లిపోయిన ఊరు



పారిస్‌కు పడమట ఇరవై కిలోమీటర్ల లోపే, సేన్ నదికి పైనున్న మిట్ట మీద వెలసిన పట్టణం సాన్ జెర్మాన్ ఆన్ లే. దాన్ని రాచనగరం అనడానికి ఆధారాలకు కొదవ లేదు. 12వ శతాబ్దంలో ఆరవ లూయీ అక్కడ కోట కట్టించాడు. 1238లో తొమ్మిదవ లూయీ దానికి ప్రార్థనాలయం చేర్చాడు. 1346లో ఇంగ్లీషు సేనలు కోటను తగులబెడితే ఐదవ శార్ల్ మళ్లీ నిలబెట్టాడు. 1539 నుంచి మొదటి ఫ్రాన్స్వా దాని రూపే మార్చాడు. పద్నాలుగవ లూయీ 1638లో పుట్టిందీ, ఆయన తండ్రి 1643లో కన్నుమూసిందీ ఆ ఊళ్లోనే. ఇంత వంశావళి చూశాక ఊరి స్వభావం రాజులు పెట్టిన భిక్షే అనిపించడం సహజం. కాని రాజులు ఉన్న కాలం కన్నా, రాజు వెళ్లిపోయిన తర్వాతి కాలమే ఈ ఊరిని ఎక్కువగా తీర్చిదిద్దిందని నా వాదన.

1682లో పద్నాలుగవ లూయీ ఆస్థానాన్ని వెర్సాయ్‌కు తరలించాడు. ఖాళీ అయిన కోటలో 1689 నుంచి, సింహాసనం పోగొట్టుకున్న ఇంగ్లండు రాజు రెండవ జేమ్స్ తలదాచుకుని, 1701లో అక్కడే మరణించాడు. కోటకు విడిగా ఉన్న, పద్నాలుగవ లూయీ పుట్టిన కొత్త భవనాన్ని తిరిగి కట్టిస్తానని అప్పటి రాజు తమ్ముడు ఆర్త్వా ప్రభువు 1777లో తీసుకున్నాడు. కూల్చివేత సాగింది కాని కట్టడం పూర్తికాలేదు. మిగిలిన పాత కోట నెపోలియన్ హయాంలో అశ్వికదళ పాఠశాల, తరువాత సైనిక కారాగారం అయింది. చివరకు మూడవ నెపోలియన్ 1862లో దాన్ని పురావస్తుశాలకు కేటాయించాడు. మరమ్మతు చేపట్టిన వాస్తుశిల్పి యూజేన్ మిల్లే ఫ్రాన్స్వా కాలపు రూపాన్నే ఆదర్శంగా పెట్టుకుని, పద్నాలుగవ లూయీ కోసం వాస్తుశిల్పి మాన్సార్ చేర్చిన మూలల్లోని భవనాలను తొలగింపజేశాడు. అంటే నేడు సందర్శకులు ప్రాచీనమని మెచ్చుకునే కోట రూపం ఒక 19వ శతాబ్దపు నిర్ణయం. ఏ రాజు జ్ఞాపకం నిలవాలో, ఏ రాజు చేర్పు పోవాలో తేల్చింది తరువాతి తరమే.

దీనికి బలమైన ఆక్షేపణే ఉంది. ఉద్యాన రూపశిల్పి లె నోత్ర్ 1669–1673 మధ్య తీర్చిన, రెండు కిలోమీటర్లకు పైగా సాగే విహారవేదిక, దాన్ని ఆనుకున్న వేట అడవి రాజుల దానమే కదా, ఊరి నేటి సంపన్నతకు మూలం అవే కదా అని అడగవచ్చు. దానం నిజమే. అయితే రాచసంబంధం ఒక్కటే సంపదను తెచ్చేదైతే సాన్ డెనీకి ఇంకా ఎక్కువ రావాలి. ఫ్రాన్స్ రాజుల్లో అత్యధికుల సమాధులు ఉన్నది అక్కడి మహాలయంలోనే. అయినా పారిస్‌కు ఉత్తరాన ఉన్న ఆ ఊరు 19వ శతాబ్దంలో కర్మాగారాల పట్టణమై, 20వ శతాబ్దంలో కమ్యూనిస్టుల కోటగా పేరు పొందింది. తేడా తెచ్చింది వంశావళి కాదు, పరిశ్రమలు ఏ దిక్కున స్థిరపడ్డాయి, రైలు ఎవరిని మోసుకొచ్చింది అన్నది. పారిస్ నుంచి తొలి ప్రయాణికుల రైలుమార్గం 1837లో ఈ మిట్ట కింది ల పెక్ దాకా వచ్చింది. ఇంజన్లు ఎక్కలేని ఆ ఏటవాలును గాలి ఒత్తిడితో బళ్లను లాగే పద్ధతిలో 1847లో జయించారు. 1860లో ఆవిరి ఇంజన్లే ఆ పని అందుకున్నాయి. వేటకు కాపాడుకున్న అడవి నగరవాసుల సెలవురోజు షికారుకు చేరువైంది. రాజు వదిలిన స్థలానికి విలువ కట్టింది ఆ ప్రయాణికులే.

అలాగైతే రాచరికపు పేరు ఉత్త అలంకారమేనా? అదీ కాదు. హబ్స్‌బర్గ్ సామ్రాజ్యం కూలాక కొత్త ఆస్ట్రియాతో మిత్రరాజ్యాలు 1919 సెప్టెంబరు 10న సంధి చేసుకున్నది ఈ కోటలోనే. రాజును తొలగించిన గణతంత్రానికి కూడా రాజు ఇంటి గాంభీర్యం అక్కరకొచ్చింది. గతానికి బలం ఉంది, కాని దాన్ని పనిలో పెట్టేది వర్తమానమే. కనుక ఇలాంటి పట్టణాల చరిత్ర రాసేవారు ఎవరు కట్టించారన్న ప్రశ్నతో ఆగకూడదు. ఎవరు కూల్చారు, ఎవరు దేన్ని మిగిల్చారు, ఎందుకు మిగిల్చారు అన్న ప్రశ్నలకూ అంతే చోటివ్వాలి.