పెళ్లికి పోయి పట్నం చూడకుండా వస్తారా?



హైదరాబాదులో చుట్టాల పెళ్లి అంటే ఇంటిల్లిపాదీ బయలుదేరతారు. పెళ్లి అయ్యాక మగవాళ్లు పట్నం తిరిగొస్తారు. ఆడవాళ్లు మాత్రం పిల్లలను, సామానును కాచుకుంటూ ఫంక్షన్ హాలులోనే ఉండిపోతారు. "మాకేం తెలుసు, దారి తప్పితే ఎట్లా?" అంటారు.

ఇప్పుడు అక్షరం వచ్చింది. ఇంకా భయమెందుకు? పిల్లలను ఒక్క పూట మగవాళ్లు చూసుకోలేరా? నలుగురు ఆడవాళ్లు కలిసి బయలుదేరితే చాలు.

ముందుగా ఒక చీటీ రాసుకోవాలి. ఫంక్షన్ హాలు పేరు, అది ఉన్న పేట, చుట్టాల ఫోను నంబరు అందులో ఉండాలి. ఎవరి చీటీ వాళ్లే రాసుకుని కొంగున కట్టుకోవాలి. సెల్‌ఫోను ఛార్జింగ్ అయిపోయినా చీటీ ఉంటుంది.

బస్సు ఎక్కేముందు బోర్డు చదవాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకోవాలి. వేరే రాష్ట్రం వాళ్లు డబ్బిచ్చి టికెట్టు కొనాలి. మెట్రో రైలుకైతే అందరూ కొనాల్సిందే.

పొద్దున సాలార్‌జంగ్ మ్యూజియం చూడవచ్చు. అది మూసీ నది ఒడ్డున ఉంది. శుక్రవారం సెలవు. ఆ రోజు పోతే మూసిన తలుపు చూసి రావాలి! లోపల ఒక పెద్ద గడియారం ఉంది. గంట గంటకూ గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి పోతే పన్నెండు దెబ్బలు వినవచ్చు. ముసుగు వేసుకున్న స్త్రీ పాలరాతి బొమ్మ కూడా ఉంది. ముసుగూ రాయే, ముఖమూ రాయే. అయినా ముసుగులోంచి ముఖం కనిపిస్తుంది!

అక్కడికి దగ్గరే చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. చార్ అంటే నాలుగు. నాలుగు మూలలా నాలుగు మినార్లు, నాలుగు దిక్కులా నాలుగు కమానులు.

దానికి పడమర లాడ్ బజారు. అక్కడ లక్క గాజులు దొరుకుతాయి. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, గాజుగా చుట్టి, ఒక్కొక్క రాయినీ చేత్తో అద్దుతారు. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొదటి దుకాణంలోనే కొనవద్దు. రెండు మూడు చోట్ల ధర అడిగి, చీటీ వెనక రాసుకుని, పోల్చి చూసి బేరమాడాలి.

సాయంత్రం చల్లబడ్డాక ట్యాంక్‌బండ్ మీదికి పోవచ్చు. హుస్సేన్ సాగర్ నడుమ బుద్ధుడి విగ్రహం నిలబడి ఉంది. అంతా ఒకే రాయి. భువనగిరి దగ్గర రాయగిరి నుంచి తెచ్చిన రాయి అది. 1990లో నీటి మీద తీసుకుపోతుంటే విగ్రహం మునిగింది. మనుషుల ప్రాణాలూ పోయాయి. తర్వాత పైకి తీసి 1992లో నిలబెట్టారు. దగ్గరగా చూడాలంటే లుంబినీ పార్కు నుంచి పడవలు ఉంటాయి.

చీకటి ముదరకముందే తిరుగు బస్సు ఎక్కాలి.

ఇప్పుడే ఒక కాగితం తీసుకోండి. మీ పేరు, మీ ఊరు, ఇంట్లోవాళ్ల ఫోను నంబరు రాయండి. పక్కన కూర్చున్న ఆమెకు ఇచ్చి చదివించండి. ఆమె తడుముకోకుండా చదివిందా? అయితే ఆ చీటీ పట్నంలోనూ పనికొస్తుంది.